మనిషికో చాప

పోయిన ఎండకాలం మా తమ్ముని కొడుకు కిరణ్ హన్మకొండల కొత్తిల్లు కట్టుకున్నడు. చూడ రమ్మని ఒక్కటే పోరు. సరేనని పొద్దుగాల హైదరాబాదుల రైలెక్కి, కాజీపేటల దిగి, ఎండ ముదరకముందే వాళ్లింట్ల పడ్డ. అర్రలు, మెట్లు, మిద్దె అన్నీ తిప్పి చూపిచ్చి ఆఖరుకు ఇంటెనుక తోటలకు తీస్కపోయిండు. ఆడ రాళ్లు పేర్చి, సిమెంటు పెట్టి ఒక చాపల కొలను కట్టిచ్చుకున్నడు. దాంట్ల చాపలున్నయట. ఉన్నయట అనే అంటున్న, నా కండ్లకైతే ఒక్కటి కనపడలే. నీళ్లు పాలకూర ఉడికిచ్చి వంపిన నీళ్ల తీరుగ చిక్కగ, పచ్చగ ఉన్నయి.

“ఏం చేసినా ఇంతే అత్తా,” అన్నడు కిరణ్. “మొత్తం నీళ్లు ఎత్తిపోసి కొత్త నీళ్లు నింపిన. వారం తిరగకముందే మల్ల ఇట్లనే అయితాంది. మట్టెవాడల మన పాతింట్ల చాపల హౌజు ఉండెనట గద, నీళ్లు అద్దం లెక్క ఉండేవని నాయిన చెప్తుంటడు. మీరెట్ల ఉంచెటోళ్లు?”

“మొత్తం నీళ్లు తీయమని నీకెవడు చెప్పిండురా?” అని ఇంతెత్తు లేచిన. నా నోరు అసొంటిది. తెలిసినదాన్ని ఎవలన్న అడిగితే చాలు, చెప్పుడుకంటె ముందు తిట్టుడు మొదలైతది. కొన్ని నీళ్లే తీయాలె, మిగిలిన పాత నీళ్లను అట్లనే ఉంచాలె. నల్లా నీళ్లు సక్కగ తెచ్చి పొయ్యొద్దు, ఒక పూట గాబుల నిలవబెట్టినంకనే పొయ్యాలె. మీద నీడ ఉండాలె. మేత తక్కువెయ్యాలె, చాపలు తినంగ ఒక్క పలుకు మిగలొద్దు. రాలిన ఆకును రాలినట్టే తీసెయ్యాలె. గడగడ చెప్పుకుంట పోతాన్న, పోరడు నోరు తెరిచి ఇంటాండు. అన్నేండ్ల కిందటి ముచ్చట, ఒక్క ముక్క మరువలే. ఎట్ల మరుస్త? భయంతోని నేర్చుకున్న పని అది.

మా పక్కనే కిరణ్ బిడ్డ ఆద్య నిలబడ్డది, ఇంక పాలపండ్లు ఊడుతున్న పోరి. నా కొంగు గుంజి, “అమ్మమ్మా, కనపడకున్న నాకు తెలుసు లోపట ఎవలెవలున్నరో,” అన్నది. “రెడ్‌ది డాడీ. బ్లాక్ మచ్చలది మమ్మీ. చిన్నది నేను. మొత్తం వైట్‌గ ఉంటది చూడు, అది నువ్వు. నువ్వొస్తున్నవని నిన్ననే పేరు పెట్టిన.”

నా గుండె గుభేలుమన్నది. ఆ పోరికి ఎవలు చెప్పిండ్రు? ఎవలూ చెప్పలే. ఎవలికి ఎర్కనే లేదు. మా తమ్మునికే తెల్వదు, వాని కొడుక్కేం తెలుస్తది? పిల్లలన్నంక ఆటకు పేర్లు పెట్టుకుంటరు, గంతే. అట్లనుకొని నవ్విన. “ఎండ మస్తుగున్నది, లోపటికి పోదాం పా,” అని పోరి చెయ్యి పట్టుకొని ఇంట్లకు తీస్కవచ్చిన.

మట్టెవాడల మాది ఇత్తడి సామాన్ల దుకాణం. ముంగట దుకాణం, ఎనుక ఇల్లు, ఇంటెనుక పెరడు. బిందెలు, గంగాళాలు, చెంబులు, దీపపుసెమ్మెలు అమ్మకానికి పెట్టేముందు పెరట్ల కూసోని చింతపండు పులుసుతోని, బూడిదతోని తోమేది. నా చిన్నతనం మొత్తం ఆ పుల్లటి వాసనే. మా చేతులకు, బట్టలకు, ఆఖరికి అన్నానికి గూడ ఇత్తడి వాసన వచ్చేది. పెరట్ల ఒక దిక్కు బావి, ఇంకో దిక్కు నిమ్మచెట్టు, సన్నజాజి పందిరి, నడుమ హౌజు. హౌజు మా తాత కట్టిచ్చిండు. నా ఎత్తుకు ఛాతీదాంక లోతు. లోపట షాబాదు బండలు పరిచి, సున్నంతోని సందులు పూడ్చిండ్రు. ఆ సందులు పైనుంచి చూస్తే గీసినట్టు కనపడాలె. మా బాపమ్మ చట్టం అది. బాపమ్మ అంటే మా బాపు తల్లి. సందు కనపడలేదంటె ఆ పూట ఇంట్ల పొయ్యి రాజేసేముందు హౌజు కడుగుడే.

ఎందుకంత పట్టింపు అంటరా? చెప్తా. మా బాపుకంటె ముందు బాపమ్మకు పుట్టిన పిల్లలెవలూ బతకలే. బాపు పుట్టినంక, ఈ బిడ్డన్న దక్కాలెనని ఆమె రాత్రీపగలూ వాని ముక్కు కాడ చెయ్యి పెట్టుకొని కూసునేదట. ఆమెను మామూలు మనిషిని చెయ్యాలెనని తాత హైదరాబాదు పోయినప్పుడు డాల్డా డబ్బల నీళ్లు పోసి, ఒక ఎర్రచాపను ఒళ్లె పెట్టుకొని రైల్ల తెచ్చిండు. హౌజుల ఇడిసిపెట్టి, “ఇగో, ఇది నీ కొడుకు చాప. ఇది ఈదినన్నొద్దులు వానికేం ఫికర్ లేదు. దీన్ని చూసుకో, వాన్ని జర పండుకోనీ,” అన్నడట. తాత నవ్వుకుంటనే అన్నడు. బాపమ్మ మాత్రం నవ్వలే. ఆ తెల్లారి నుంచి కొడుకు ముక్కు కాడ చెయ్యి పెట్టుడు బందు చేసింది, హౌజు ఒడ్డున కూసునుడు పట్టుకున్నది. ఇంకొన్ని దినాలకు తాతకో చాప, ఆమెకో చాప. ఇంట్లకు కొత్త మనిషి వస్తె కొత్త చాప. అట్ల మనిషికో చాప లెక్కన మా ఇంటోళ్లందరం నీళ్లల్ల గూడ ఉన్నం.

మా అమ్మ సుగుణది స్టేషన్ ఘన్‌పూర్ కాడి పల్లె, వ్యవసాయపోళ్లు. కొత్త కోడలిగ గడప దాటంగనే బాపమ్మ ఆమె చేతుల ఒక సత్తు చెంబు పెట్టింది. ఇత్తడికి చాపలు తట్టుకోవని మా ఇంట్ల చాపల పనికి అంత సత్తుదే వాడేది. అమ్మకు అదేమెర్క? ఇత్తడి దుకాణపోళ్లింట్ల సత్తు చెంబేంది, ఇంత పిసినారోళ్ల అని మనసుల అనుకున్నదట. ఎండకు వచ్చిందేమో, మంచినీళ్లిచ్చిండ్రనుకొని చెంబు ఎత్తి నోటికి పెట్టుకున్నది. పెదవికి చాప తగిలింది. కెవ్వుమని చెంబు ఇడిసిపెట్టింది. చాప గడప మీద పడి కొట్టుకున్నది. అందరు కడుపు పట్టుకొని నవ్విండ్రట, బాపమ్మ తప్ప. ఆమె చాపను దోసిట్ల పట్టుకొని పెరట్లకు ఉరికింది. అది బతికింది. ఒళ్లంత తెల్లగ, నెత్తి మీద బొట్టు పెట్టినట్టు ఎర్ర చుక్క. అదే అమ్మ చాప. ఆనాటి నుంచి అత్తాకోడండ్లకు సక్కగ పొసగలే. “గడప మీద పడేసుకున్నది తన ప్రాణాన్ని,” అని బాపమ్మ, “నాకు చెప్పిచ్చిండ్రా?” అని అమ్మ. ఈ కొట్లాట నేను ఊయల్లున్నప్పటి నుంచి ఇనుకుంటనే ఉన్న.

నా చాపకు తోక ఒక పక్క తెగిపోయి ఉండేది. పుట్టుకతోనే అట్లనో, ఏదన్న కొరికిందో తెల్వదు. పొద్దుగాల లేవంగనే నా మొదటి పని హౌజు కాడికి పోవుడు. కండ్లు మూసుకొనే పోయేదాన్ని. ఒడ్డు మీద చేతులు ఆనిచ్చి, మనసుల ఏదో అనుకొని, దబ్బున కండ్లు తెరిచేదాన్ని. మొదలు నాది. తర్వాత అమ్మది. బాపుది. బాపమ్మది. అన్నీ తిరుగుతాంటెనే ఊపిరి తీసుకునేది. ఏదన్న ఒకటి బండ నీడకు నక్కి కనపడకపోతే, ఇగ చూడు, కాళ్లు చేతులు సల్లవడేవి. బడిల కూసున్నా అదే బుగులు. పంతులు ఎక్కాలడిగితే నా నోట్లె మాట వచ్చేది కాదు. ఇంటికి ఉరికొచ్చి పుస్తకాల సంచి సుత తియ్యకుంట హౌజు మీద వంగేదాన్ని. ఇట్లాంటి భయం ఇంకో పిల్లకు వద్దని నేను ఎన్నిసార్లు అనుకున్ననో.

ఉత్త పిల్లతనపు భయమంటరేమో. మా తాత సంగతి చూసిన పిల్లను నేను. తాత చాప అన్నిట్ల పెద్దది, వీపు మీద నల్లగ ఉండేది. ఒక చలికాలం పొద్దుగాల అది పొట్ట పైకి పెట్టి తేలింది. బాపమ్మ వల జాలితోని తీస్తాంటె నేను పక్కనే ఉన్న. ఆమె మొకం చూసిన. తాత మాత్రం పండ్లు తోముకుంట, “ముసలిదైంది పాపం. నేనింక ముసలి కాలే,” అని నవ్వి దుకాణం తెరవ పోయిండు. ఆ వారంలనే దుకాణంల గంగాళం ఎత్తుకుంట ఎత్తుకుంటనే పడిపోయిండు. పెద్ద సప్పుడైంది, ఇత్తడిది. ఇప్పటికీ ఎక్కడన్న గిన్నె కింద పడితే నా ఒళ్లు జలదరిస్తది. తాత గుండె ఎన్నడో పాడైందని, ఎవలికి చెప్పకుంట మందులేసుకుంటున్నడని తర్వాత తెలిసింది. తెలిస్తె ఏమాయె? అప్పటికే బాపమ్మ కండ్లల్ల, నా కండ్లల్ల ఆ తేలిన చాప నాటుకపోయింది.

తాత పోయినంక బాపమ్మ శుభ్రం ఇంక ఎక్కువైంది. వెదురు తడక హౌజు మీద కప్పి, ఎండ ఎటు తిరిగితె అటు జరిపేది. ఎండ పడితె పాకురు పుడతదని. నిమ్మచెట్టు ఆకు ఒక్కటి పడితె, తింటున్న అన్నం ఇడిసిపెట్టి వచ్చి తీసేది. కొబ్బరిపీచుతోని గోడలు రుద్దేది, సబ్బు దగ్గరికి రానియ్యకపోయేది. చింతపండు చేతులతోని హౌజుల ఎవలన్న చెయ్యి పెట్టబోతే అరుపు ఇంటిమీది పెంకలు లేచేటట్టు ఉండేది. మాపటికి వేయించిన శెనగపిండి రెండు వేళ్లకు అంటినంతనే చల్లేది. నేను ఇంకింతేద్దామంటె, “మిగిలింది కుళ్లుతది. కుళ్లితె నీళ్లు చెడుతయి. నీళ్లు చెడితె ఎవలు పోతరో నీకెర్కనా?” అనేది. ఇగ నా చెయ్యి లేచేదా?

వానలప్పుడు దోమలకని మునిసిపాలిటీ వాళ్లు డబ్బలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, నిలువున్న నీళ్లల్ల నల్లనూనె పోసెటోళ్లు. ఒకపారి ఒకాయన మా పెరట్లకు వచ్చిండు. బాపమ్మ హౌజుకు అడ్డం నిలబడ్డది, కొంగు నడుముకు చెక్కింది. “పోసి చూడు బిడ్డా. నువ్వు నూనె పోసేది నీళ్లల్ల కాదు, నా కొడుకు నెత్తి మీద,” అన్నది. ఆయన బిత్తరపోయి, “అమ్మా, నాకెందుకు ఈ లొల్లి, చాపలుంటె దోమలే ఉండయి,” అని ఎనుకకు తిరిగిపోయిండు. బాపు దుకాణంల కూసోని నవ్విండు. నేను నవ్వలే. తలుపు మూలకు నిలబడి, ఆయన డబ్బ పట్టుకొని గడప దాటేదాంక చూసిన.

నేను బడికి పోయే కాలంల, ఇంక చిన్నదాన్నే, అమ్మకు మల్ల కడుపైంది. ఆ ఎండకాలం అమ్మ కాళ్లు, మొకం ఉబ్బినయి. చెప్పులు పట్టలే. “నీళ్లు దిగినయి, కాన్పైతె అన్నీ తగ్గుతయి,” అని బాపమ్మ అన్నది. ఒక పగటి పూట అమ్మ వంటింట్ల చెక్కపీట మీద కూసోని బియ్యం ఏరుతాంది, నేను పక్కనున్న. “కండ్లముంగట మిణుగుర్లు తిరుగుతున్నయే,” అన్నది. అనుడే, పక్కకు ఒరిగింది. కండ్లు పైకి పోయినయి, కాళ్లు చేతులు కొట్టుకున్నది. చాట మీది బియ్యం ఇల్లంత చెల్లాచెదరైనయి. గడప మీద కొట్టుకున్న చాప ముచ్చట నేను వినుడే గని చూడలే. ఆనాడు చూసినట్టే అయింది. బాపు ఉరికొచ్చి ఎత్తుకున్నడు, రిక్షల దవాఖానకు తీస్కపోయిండు. నన్ను పక్కింటి రాజక్క తన ఇంటికి గుంజుకపోయింది. నేను పోకుంట కొట్లాడిన. అమ్మ కోసమే కొట్లాడినట్టు అందరనుకున్నరు, నేనేమో హౌజు చూసి పోతనని ఏడ్సిన.

కొన్నొద్దులు రాజక్క ఇంట్లనే ఉన్న. అమ్మకు ఎట్లున్నదంటె ఎవలూ సక్కగ చెప్పలే. పిలగాడు పుట్టిండని, వాడు మంచిగనే ఉన్నడని, అమ్మకే ఇంక సోయి రాలేదని పెద్దోళ్లు గుసగుస పెడుతుంటె ఇన్న. మా ఇంటికి తిరిగి పోంగనే సక్కగ పెరట్లకు ఉరికిన. కండ్లు మూసుకున్న, ఒడ్డు పట్టుకున్న, కండ్లు తెరిచిన. బండలు లేవు. సందులు లేవు. మొత్తం పచ్చగ, చిక్కగ. నా పుట్టుక నుంచి ఒక్కనాడు మసకబారని నీళ్లు.

తడక తీసి గోడకు ఆనిచ్చి ఉన్నది. ఎండ సక్కగ హౌజుల పడుతాంది. నిమ్మాకులు నీళ్ల మీద కుళ్లి నల్లగైనయి. బాపమ్మ గట్టు మీద కూసోని, గిన్నెల నుంచి పిండి పిడికెడు పిడికెడు తీసి హౌజుల పోస్తాంది.

“బాపమ్మా, తడక తీసినవేంది?”

“తీసిన. నీకేం?”

“పిండి గంతగనం ఎందుకేస్తున్నవ్? కుళ్లదా?”

“కుళ్లనీ,” అన్నది. నా దిక్కు సుత చూడలే.

ఆమెకు పిచ్చి లేసిందనుకున్న. నిజంగనే అట్లనుకున్న, దాంతోని నా బుగులు రెట్టింపైంది. గట్టు మీద బోర్ల పండుకొని నీళ్లల్లకు చూసుకుంట ఉన్న. చానా సేపటికి ఒక ఎర్ర మెరుపు పైకి వచ్చి, నోరు తెరిచి పోయింది. బాపుది. ఇంకింత సేపటికి తెగిన తోక. నాది. బాపమ్మది గూడ వచ్చింది. తెల్లది రాలే. ఎండకు వీపు కాలుతాంది, కండ్లల్ల నీళ్లు కారుతున్నయి, అయినా రెప్ప వేస్తె అప్పుడే వచ్చి పోతదేమోనని రెప్ప సుత వెయ్యలే. “అమ్మ చాప ఏది బాపమ్మా?” అన్న. “ఉన్నది. లోపట ఉన్నది,” అన్నది. “నాకు కనపడుతలేదు.” “నీళ్లు అట్లున్నయి, ఎట్ల కనపడతది?” నేను ఓపలేక మోచేతి దాంక చెయ్యి ముంచి కెలుకబోయిన. జుట్టు పట్టి ఎనుకకు గుంజి, చెంప మీద ఒక్కటేసింది. నన్ను ఆమె కొట్టుడు అదే మొదలు, అదే ఆఖరు. కొట్టి, నన్ను ఒళ్లెకు తీసుకొని, నాకంటె ఎక్కువ ఏడ్సింది.

మాపటికి బాపు దవాఖాన నుంచి తానం చేయ వచ్చిండు. గడ్డం పెరిగింది, అంగీ మాసింది. ఇంట్లకు రాకముందే ఆయన గూడ హౌజు కాడికే పోయిండు. చాపల మీద నమ్మకం లేనోని లెక్క నవ్వే మనిషి, ఒడ్డు పట్టుకొని వంగి, నా తీర్గనే చూసిండు. “నీళ్లు గిట్లెందుకైనయే అమ్మా?” అన్నడు. “నాకు తీరుతలేదు కొడుకా, ఎవలు కడుగుతరు?” అన్నది బాపమ్మ. బాపు పెద్ద ఊపిరి ఇడిసి, కాళ్లు కడుక్కొని వచ్చి అన్నం తిన్నడు. మొకంల అప్పటిదాంక ఉన్న బిగువు జర తగ్గింది. అది ఎందుకు తగ్గిందో నాకు ఆనాడు తెల్వలే. ఈనాడు తెలుసు.

బాపమ్మ మాత్రం అన్నం ముట్టలే. బుక్కెడు పలుచని అంబలి తాగి, సమ్మక్క సారలమ్మలకు మొక్కుకుంట కూసునేది. కోడలు లేచి వస్తె మేడారం నడిచిపోయి, కోడలి ఎత్తు బెల్లం ఇస్తనని మొక్కింది. ఏ కోడలి పేరు చెప్తె మూతి తిప్పేదో ఆ కోడలి పేరే పొద్దందాక పెదవుల మీద. నేను దొంగతనంగ హౌజు కాడికి పోవుడు, ఆమె పసిగట్టి పిలుసుడు, ఇదే పని. ఒకపక్క తెల్ల చాపను చూడాలెనని పాణం కొట్టుకునేది. ఇంకోపక్క పొట్ట పైకి పెట్టి తేలితె ఎట్లనని చూడబుద్ధి కాకపోయేది. ఆ రెండు భయాల నడుమ ఎన్నొద్దులు గడిచినయో లెక్క తెల్వదు.

ఆఖరుకు అమ్మకు సోయి వచ్చింది. ఇంకొన్నొద్దులకు రిక్షల ఇంటికొచ్చింది, ఒళ్లె తమ్ముడు. సగం మనిషైంది. బాపమ్మ దిష్టి తీసి, చెయ్యి పట్టుకొని దింపింది. అమ్మ అర్రలకు పోలే. పిల్లగాన్ని బాపు చేతులకిచ్చి, గోడ పట్టుకుంట పట్టుకుంట పెరట్లకు నడిచింది. నేను కొంగు పట్టుకొని ఎనుకనే. హౌజు ముంగట నిలబడి, ఆ పచ్చ నీళ్లను చూసి, “నీళ్లు గిట్లున్నయేంది అత్తా?” అన్నది.

బాపమ్మ గట్టు మీద కూలబడ్డది. “నేనే చంపిన సుగుణా,” అన్నది. “నిన్ను రిక్షల ఎక్కిచ్చిన ఆ పూటనే. నీ చాపకు ఏ రోగం రాకుంట ఉండాలెనని, నీళ్లు ఇంక తెల్లగ చెయ్యాలెనని, ఉన్న నీళ్లన్నీ తోడి, నల్లా కింది బొక్కెనలు బొక్కెనలు తెచ్చి పోసిన. గాబుల నిలవపెట్టాలెనన్న సోయి లేదు నాకు. మునిసిపాలిటీ వాళ్లు మందు కలిపిన నీళ్లు. నా కండ్లముంగటనే నీ చాప పక్కకు ఒరిగింది. మిగిలినయి తట్టుకున్నయి, నీదే తట్టుకోలే. సన్నజాజి కింద పూడ్చిపెట్టిన. నీళ్లు తెల్లగుంటె నా కొడుకు చూస్తడు, పోరి చూస్తది. అందుకే పాడు చేసిన. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే ఉండాలెనని...” కొంగు నోట్లె కుక్కుకున్నది.

నేను సన్నజాజి దిక్కు చూసిన. అమ్మ చచ్చిపోయిందని, ఇప్పుడు ముంగట నిలబడ్డది ఏదోనని ఒక్క నిమిషం నిజంగనే భయపడ్డ. అమ్మ కొంగు ఇడిసిపెట్టిన. అమ్మ మెల్లగ వంగి, గోడ ఆసరతోని, అత్త పక్కన గట్టు మీద కూసున్నది. ఆ ముసలి చెయ్యి తీసి తన ఒళ్లె పెట్టుకున్నది.

“పోనీ తీ అత్తా. నా బదులు అది పోయింది,” అన్నది. “నువ్వు దాన్ని పంపినవు గద, నేను వచ్చిన.”

బాపమ్మ ఆమె మొకం దిక్కు చూసింది. ఇన్నేండ్లు ఇంట్ల ఉన్న కోడలిని అప్పుడే మొదటిపారి చూసినట్టు చూసింది. “ఇంకోటి తెప్పిస్త,” అన్నది మెల్లగ. “నీకొకటి, పిలగానికొకటి.”

“నాకొద్దు. పిలగానికి అసలే వద్దత్తా,” అన్నది అమ్మ. “వాన్ని ఉత్తగనే బతకనీ.”

అందుకే మా తమ్మునికి చాప లేదు. ఎందుకు లేదో వానికెవలం చెప్పలే. మేడారం మొక్కు మాత్రం అత్తాకోడండ్లు కలిసే పోయి తీర్చుకొనొచ్చిండ్రు. హౌజు మల్ల కడిగినం, తడక కప్పినం, సందులు మల్ల గీసినట్టు కనపడ్డయి. బాపమ్మ మాత్రం గట్టు మీద కూసునుడు తగ్గిచ్చి, మనుమన్ని ఎత్తుకొని తిరుగుడు పట్టుకున్నది. ఆమె పోయినంక గూడ ఆమె చాప ఏండ్లకేండ్లు హౌజుల మంచిగ తిరిగింది. దాన్ని చూస్తె నాకు కోపమొచ్చేది, నీకు ఎర్కనే లేదా, ఆమె పోయిందే అని. చాపకూ మనిషికీ సంబంధం లేదని అప్పుడన్న నా తలకెక్కాలె. తలకెక్కింది. కడుపుల మాత్రం బుగులు అట్లనే ఉన్నది. పెండ్లై పోయేనాడు హౌజు దిక్కు తిరిగి చూడకుంట బండెక్కిన. తర్వాత ఇల్లు అమ్ముకున్నం, కొన్నోళ్లు హౌజు పూడ్చి మెట్లు కట్టుకున్నరు. నా తెగిన తోక ఎప్పుడు పోయిందో నేను అడగలే, ఎవలూ చెప్పలే.

ఇప్పుడు అన్నీ అడుగుదాంక కనపడే కాలం. నా మణికట్టుకు పెట్టుకున్న గడియారం నా గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెప్తది. డాక్టరు తెర మీద లోపటివన్నీ చూపిస్తడు, ఇదిగో ఇక్కడ, అని వేలు పెట్టి మరీ. మంచిదే. ఈ మిషిన్లు అప్పుడుంటె అమ్మ ఉబ్బును ఎవలన్న ముందే పట్టుకునేది, అంతదాంక రానిచ్చెటోళ్లు కాదు. కాదని ఎట్లంట? అయితె ఏదన్న పరీక్షకు పోయి వచ్చినప్పుడల్లా, జవాబు వచ్చేదాంక నేను ఆ హౌజు గట్టు మీదనే కండ్లు మూసుకొని నిలబడి ఉంట. అప్పుడు బాపమ్మ మీద నాకు ఒక్కతీరుగ ప్రేమ పొంగుకొస్తది. అన్నొద్దులు ఆ చావును కడుపుల పెట్టుకొని, పిండి చల్లుకుంట, మా అందరికి ‘ఉన్నది, లోపట ఉన్నది’ అని చెప్పుడు ఎంత కష్టమో నాకు ఈ వయసుకొచ్చినంక తెలిసింది.

మొన్న ఆద్య ఫోన్ చేసింది. “అమ్మమ్మా, డాడీ ఫిల్టర్ మిషిన్ పెట్టిచ్చిండు, నువ్వు చెప్పినట్టు నీడ గూడ పెట్టిండు. నీళ్లు మస్తు క్లియర్ అయినయి. కింద రాళ్లు గూడ కనపడుతున్నయి,” అన్నది. అని ఆగింది. ఆ ఆగుడు నాకు తెలుసు. చిన్నప్పుడు ఎన్నిసార్లు ఆగిన నేను. “డాడీ చాప ఉన్నది. మమ్మీది ఉన్నది. నాది ఉన్నది. నీదే కనపడుతలేదు అమ్మమ్మా. మొత్తం వెతికిన. నువ్వు మంచిగనే ఉన్నవా?”

ఉన్నది, లోపట ఉన్నది అని నోటిదాంక వచ్చింది. ఆ నీళ్లల్ల ఇగ ఏదీ దాగదు. అమ్మ మాట యాదికొచ్చింది.

“నాకేమైతది బిడ్డా, గుండ్రాయి లెక్క ఉన్న,” అన్న. “ఇప్పుడే కడుపు నిండ అన్నం తిన్న, పప్పు, మామిడికాయ తొక్కు వేసుకొని. అది చాప తల్లీ. దాని పాణం దానిది, నా పాణం నాది. ఒక పని చెప్తా, చేస్తవా? ఆ పేర్లన్నీ తీసెయ్. చాపలను ఉత్తగనే బతకనీ.”

“నిజంగ తిన్నవా?” అన్నది పోరి.

“నిజంగ తిన్న. నువ్వు గూడ తిను పో.”

ఆమె నవ్వి, ఫోన్ పెట్టేసి ఉరికినట్టున్నది. నేను అప్పటికి ఇంక తినలే. ఫోన్ పక్కకు పెట్టిన. తర్వాత లేచి, కంచం కడుక్కొని, అన్నం పెట్టుకొని, పప్పు పోసుకొని, తొక్కు వేసుకొని, కడుపు నిండ తిన్న.